గురువారానికో పండు

మార్చి 12, మంగళవారం

మా ఆవిడ బెర్తీల్ ఇంకా నాంత్‌లోనే ఉంది. వాళ్ళ చెల్లెలి మోకాలు తగ్గలేదట. జనవరిలో వెళ్ళింది. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఎవరో ఒకరు దగ్గరుండాలి కదా. వెళ్ళేటప్పుడు తన కుంచెలు, గీతల కలాలు, నీటిరంగులు, చలికాలం బట్టలు, వేసవి బట్టలు అన్నీ పట్టుకెళ్ళింది. ముందుచూపున్న మనిషి.

ఇవాళ దుకాణానికి ఒకావిడ పుస్తకం తెచ్చింది. పేరు మేడమ్ ఓర్మాన్సే. ఎనభై దాటి ఉంటాయి. సంతకి తీసుకెళ్ళే చక్రాల సంచిలో వేసుకుని లాక్కొచ్చింది. పైన ఉల్లికాడల కట్ట, దాని కింద తువ్వాలు, తువ్వాల్లో పుస్తకం. పండ్ల పుస్తకం. రెండు వందల ఏళ్ళ కిందటిది. ఇరవై నాలుగు బొమ్మలు, రాగిరేకు మీద చుక్కలు చుక్కలుగా చెక్కి, రంగుల్లో అచ్చేసి, చేత్తో మెరుగులు దిద్దినవి. ఇలాంటిది నా చేతికి రావడం ఈ ముప్పై ఏళ్ళలో ఇదే మొదటిసారి. ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు. మా పాతపుస్తకాల వ్యాపారంలో మొదట నేర్చుకునేది అదే.

"అమ్ముతారా?" అన్నాను.

"అమ్మడానికే తెచ్చాను. పుస్తకాన్ని. ఉల్లికాడల్ని కాదు."

తర్వాత షరతు చెప్పింది.

"కొయ్యకూడదు. మీ సంగతి నాకు తెలుసు లెండి. పుస్తకం కొంటారు, పేజీకో చట్రం కడతారు, గోడకో పండు చొప్పున అమ్ముకుంటారు. మొత్తంగా కొనేవాళ్ళకే ఇవ్వాలి."

మా వృత్తిధర్మం ఆవిడకి వివరంగా చెప్పాను. నిండు పుస్తకాన్ని మేము విడదీయం. లోటున్న పుస్తకం, అంటే బొమ్మ పోయినదో పురుగు తిన్నదో అయితే, అది పుస్తకం కిందికి రాదు. కాగితాల బొత్తి. దాన్ని విడదీసి, బొమ్మలు గోడలకి అమ్ముకోవచ్చు. ఈ గీత దాటినవాణ్ణి తోటి వ్యాపారులు పలకరించరు. బెర్తీల్ వాళ్ళ నాన్న నాకు ఈ దుకాణం అప్పగించేటప్పుడు చెప్పిన మొదటి మాట ఇదే. ఇవన్నీ చెప్పి, "మీది నిండు పుస్తకం. మాటిస్తున్నాను" అన్నాను.

"చాలా సేపు చెప్పారు" అంది ఆవిడ, చెయ్యి చాపుతూ. చెయ్యి కలిపాను.

ఇంకో కోరిక కోరింది. పుస్తకం అమ్ముడయ్యేదాకా గురువారం గురువారం వచ్చి చూసుకోవచ్చా అని. ఆవిడ భర్త ఆన్సెల్మ్ బడిపంతులు. ఆ రోజుల్లో బళ్ళకి గురువారం సెలవు. మధ్యాహ్నం భోజనం అయ్యాక చేతులు కడుక్కుని, పుస్తకం తెరిచి ఒక్క పేజీ తిప్పేవాడట. ఒక్కటే. ఆయన పోయాడు. ఆవిడ చిన్న ఇంటికి మారింది. పుస్తకం ఎత్తే బలం లేదు.

సరే అన్నాను. కాదని ఎలా అంటాం.

మార్చి 14, గురువారం

మూడింటికి వచ్చింది. కిటికీ పక్క బల్ల మీద పుస్తకం పెట్టి, మొదటి బొమ్మ తెరిచి, కాఫీ పోశాను. చెర్రీ పండ్లు, రెండు ఆకులు, ఒక ఆకుకి పురుగు కొరికిన చిల్లు.

దుకాణంలో చెమ్మ ఎటునుంచి వస్తుందో, దానికి మునిసిపాలిటీ వాళ్ళు ఏమన్నారో, నేను తిరిగి ఏమన్నానో చెప్పాను. వెలుతురుకి ఎదురుగా పట్టి కాగితం వయసు ఎలా చెప్పాలో చూపించాను. మా మామగారి సంగతి వచ్చింది. బెర్తీల్ చెల్లెలి మోకాలి సంగతి, తను కుంచెలతో సహా అన్నీ పట్టుకెళ్ళిన సంగతి కూడా వచ్చాయి. చూస్తే ఐదు దాటింది. ఆవిడ లేచి కోటు వేసుకుంది.

మధ్యాహ్నం మొత్తం పోయింది. ముసలివాళ్ళకి మాటల కరువు. మనమే ఓపిక పట్టాలి.

మార్చి 21, గురువారం

ఆప్రికాట్. బేకరీలో చక్కెర పలుకులు చల్లిన చిన్న బన్నులు తెచ్చాను. ఆవిడ కోసమని కాదు, నాకూ ఆకలేస్తుంది. ఆవిడ నాలుగు తింది.

ఏప్రిల్ 2, మంగళవారం

బెర్తీల్ ఫోను. బ్యాంకు కాగితం మీద సంతకం కావాలట, పోస్టులో పంపుతానంది. మోకాలు ఎలా ఉందని అడిగాను. "ఆఁ, బానే ఉంది" అంది. బాగుంటే రావచ్చు కదా అని నేను అనలేదు. రెండో మోకాలు కూడా చేయించుకుంటున్నట్టుంది.

ఏప్రిల్ 18, గురువారం

చిన్న పచ్చ ప్లమ్ పండ్లు. వాన. ఈ వానలో రాదులే అనుకుని బన్నులు రెండే తెచ్చాను. వచ్చింది. రెండూ ఆవిడకే పెట్టాను. అచ్చుబొమ్మని ఎలా కడగాలో, గోరువెచ్చని నీళ్ళలో ఎంతసేపు ఉంచాలో చెప్పాను. వెళ్ళేముందు, "మీ భార్యకి చెల్లెలంటే బాగా ప్రాణంలా ఉందే" అంది. అవునన్నాను.

మే 9, గురువారం

మేడమ్ ఓర్మాన్సే వచ్చింది. కుర్చీ గట్టిగా ఉందంటుందేమోనని మేడ మీద నుంచి బెర్తీల్ దిండు తెచ్చి వేశాను. అది ఎలాగూ ఖాళీగానే ఉంది.

మే 27, సోమవారం

వారంనుంచి దుకాణానికి ఎవరూ రాలేదు. పోస్టుమాన్ వచ్చాడు. పక్క దుకాణానికి.

జూన్ 11, మంగళవారం

టెసాండియే వచ్చాడు. ఈ ఊళ్ళో పెద్దింటి గదులన్నీ అలంకరించేది అతనే. రెండేళ్ళుగా మా గడప తొక్కలేదు. బూడిదరంగు సూటు, మెడలో రుమాలు. అతను లోపలికి అడుగుపెడితే మన దుకాణం ఇంకా ఇరుగ్గా కనపడుతుంది.

ఎవరో లాయరు దంపతుల భోజనాల గది. పాతకాలపు చెక్క పలకల గోడలు, వాటికి బూడిదరంగు, అంచుల్లో చెక్కిన పూలదండలు, చలికాచుకునే పొయ్యి పైన గోడకి నిలువుటద్దం. అద్దానికి అటు పన్నెండు, ఇటు పన్నెండు బొమ్మలు కావాలట.

"ఒకే చేతివి, ఒకే కాలానివి, ఒకే కొలతవి ఉండాలి లోర్మియే గారూ. పండ్లయితే బాగుంటుంది. భోజనాల గది కదా."

"ఇరవై నాలుగు ఒక్కచోట దొరకడం కష్టం" అన్నాను.

అతను కిటికీ పక్క బల్ల వైపు చూశాడు. పుస్తకం అక్కడే ఉంది. లోపల పెట్టి ఉండాల్సింది. వెళ్ళి తెరిచాడు. నల్ల అత్తిపండు. ఒక్క మాట మాట్లాడలేదు. అలంకరణ వాళ్ళు మాట్లాడకపోతే కొనేసినట్టే.

"ఇది నిండు పుస్తకం" అన్నాను.

"నాకు పుస్తకం వద్దు. మీరూ, మీ చెయ్యీ కావాలి. ఈ ఊళ్ళో బొమ్మ చుట్టూ అట్ట పెట్టి, దాని మీద చేత్తో గీతలు గీసి చట్రం కట్టేవాళ్ళు ఇంకెవరున్నారు? మీరూ మీ ఆవిడా మాత్రమే."

ఆలోచించి చెబుతానన్నాను. పెద్ద పని. బెర్తీల్ వెళ్ళాక వచ్చిన మొదటి పెద్ద పని. ఫోన్ చేసి చెప్పాలి. అట్టలు గీయాలంటే తను రావాల్సిందే కదా.

జూన్ 12, బుధవారం

పుస్తకం పేజీ పేజీ చూశాను. ఏదైనా లోటుందేమో చూడటం వ్యాపారి ధర్మం. ఏమీ లేదు. బొమ్మలన్నీ ఉన్నాయి. పురుగు లేదు, మరక లేదు. ఎవరో చాలా జాగ్రత్తగా పెట్టుకున్నారు. కొంచెం విసుగొచ్చింది.

జూన్ 13, గురువారం

మేడమ్ ఓర్మాన్సే వచ్చింది. టెసాండియే సంగతి చెప్పలేదు. చెప్పడానికి సందర్భం రాలేదు. నేను వేరే విషయం మాట్లాడుతున్నాను.

జూన్ 14, శుక్రవారం

దొరికింది.

ముఖపత్రానికి, అంటే పుస్తకం పేరు అచ్చేసిన పేజీకి, ముందు ఒక ఖాళీ కాగితం ఉండాలి. ఆ కాలపు పుస్తకాలన్నిటికీ ఉంటుంది. దీనికి లేదు. కుట్టు దగ్గర చిరిగిన అంచు సన్నగా కనిపిస్తోంది. ఎప్పుడో ఎవరో చింపేశారు, బహుశా ఉత్తరం రాసుకోవడానికి. అంటే పుస్తకంలో ఒక కాగితం తక్కువ. ఖాళీ కాగితమైనా కాగితమే.

నియమం నేను పెట్టింది కాదు.

జూన్ 15, శనివారం

బెర్తీల్‌కి ఫోన్ చేశాను. పెద్ద పని వచ్చిందని చెప్పాను. టెసాండియే మనల్ని ఎంత పొగిడాడో చెప్పాను. ఇరవై నాలుగు అట్టలు, ఒక్కోదానికి ఐదు గీతలు, మధ్యలో పలచగా పచ్చరంగు పట్టీ. తను గీస్తే గీత గాలిలో నిలబడ్డట్టుంటుంది. నేను గీస్తే కంచె వేసినట్టుంటుంది. అది కూడా చెప్పాను.

"ఏ పుస్తకం?" అంది.

"లోటున్న పుస్తకమే."

"ఏం తక్కువైంది?"

"మొదటి కాగితం."

"ముఖపత్రమా?"

"దాని ముందుది."

"దాని మీద ఏముంటుంది గస్పార్?" అంది.

"ఏమీ ఉండదు. ఖాళీది."

"ఏమీ లేని కాగితం లేదని పుస్తకం కోస్తావా?"

"కాగితం కాగితమే. మీ నాన్నే అనేవారు."

"మా నాన్న అన్నది అది కాదు. నువ్వు విన్నది అది."

అట్టలు గీయనంది. ఆగస్టు పండగకైనా వస్తావా అంటే చూస్తానంది. చివర్లో మోకాలు ఎలా ఉందని అడిగాను. "ఏ మోకాలు?" అంది.

లైను సరిగా లేదు.

జూన్ 16, ఆదివారం

కోశాను. వెనక దారాలు తెంపి, ఒక్కో బొమ్మా విడదీశాను. పని శుభ్రంగా వచ్చింది. అయ్యాక పుస్తకం పై అట్టలు రెండూ మిగిలాయి. లోపల ఏమీ లేకుండా మూస్తే పళ్ళు తీసిన నోరులా మూసుకున్నాయి. బీరువాలో పెట్టాను.

మధ్యాహ్నం భోజనం చెయ్యలేదు. ఎండ ఎక్కువగా ఉంది.

జూన్ 20, గురువారం

మూడింటికి వచ్చింది. పీచ్ చూడాల్సిన రోజు. పుస్తకం వెన్ను వదులైంది, బైండర్‌కి ఇచ్చానన్నాను.

"బానే ఉందిగా" అంది.

"పైకి కనపడదు."

"ఎవరు, ష్వాజెలా? చర్చి పక్క సందులో ఉంటాడు, ఆయనా?"

అవునన్నాను. మరొకరి పేరు చెప్పాల్సింది. తోచలేదు.

బల్ల మీద ఏమీ లేదు. అయినా కూర్చుంది. కాఫీ తాగి, బన్నులు తిని, ఐదింటిదాకా ఉంది. ఏం పనిలేదు కాబోలు. నేను బైండింగు రకాల గురించి చెప్పాను.

జూన్ 27, గురువారం

జిగురు ఆరలేదని చెప్పాను. చెమ్మ రోజులు కదా అన్నాను. బయట తారు కరుగుతోంది.

జులై 5, శుక్రవారం

అట్టలు నేనే గీస్తున్నాను. పన్నెండు పాడయ్యాయి. గీత మొదట్లో లావు, చివర్లో సన్నం. బెర్తీల్ గీసేటప్పుడు ఊపిరి బిగబట్టేది. నేను గదిలో మాట్లాడుతుంటే కలం కింద పెట్టేసి, నేను ఆపేదాకా కూర్చునేది. ఒక్కోసారి చాలాసేపు కూర్చునేది. ఆ కూర్చోవడం చూసి విశ్రాంతి తీసుకుంటోంది అనుకునేవాణ్ణి.

జులై 11, గురువారం

"ఇంకా ఆరలేదా?" అంది మేడమ్ ఓర్మాన్సే.

"ఆరుతోంది."

"ఎంత పూశాడేమిటి? పడవకి పూసినట్టు పూశాడా?"

బన్నుల మీద చక్కెర తక్కువ వేస్తున్నారని మాట మార్చాను. బేకరీ వాళ్ళ మీద ఒక పావుగంట మాట్లాడాను. అంత కోపం ఉందని నాకే తెలియదు.

జులై 19, శుక్రవారం

బొమ్మలు టెసాండియేకి అప్పగించాను. నా వంకర గీతలు చూసి, "ఆహా, చేతిపని. యంత్రం కాదని చూడగానే తెలుస్తోంది" అన్నాడు. నిజమే. ఇంత చెడ్డ యంత్రం ఎవరూ చెయ్యరు.

వచ్చేవారం తగిలిస్తారట. ఆగస్టులో ఇంటివాళ్ళు సముద్రతీరానికి వెళతారు. అతను కూడా వెళతాడు. ఏదైనా పక్కకి వాలితే సరిచెయ్యమని తాళంచెవి నాకిస్తానన్నాడు. ఆగస్టులో ఈ ఊళ్ళో ఉండేది నేనొక్కణ్ణేనని అతనికెలా తెలుసో.

జులై 25, గురువారం

జిగురు ఆరలేదని మళ్ళీ అబద్ధం చెప్పలేక, దుకాణానికి తాళం వేసి మేడ మీద కూర్చున్నాను. ఆవిడ మూడింటికి వచ్చింది. తలుపు తట్టింది. పది నిమిషాలు గుమ్మం దగ్గరే నిలబడి, సంచి లాక్కుంటూ వెళ్ళింది. కిటికీ తెర సందులోంచి చూశాను.

బన్నులన్నీ నేనే తిన్నాను. అరగలేదు.

ఆగస్టు 1, గురువారం

తలుపు తెరిచే ఉంచాను. లోపలికి వచ్చింది, కూర్చోలేదు.

"ష్వాజెల్ దుకాణం పదిహేనో తారీకు నుంచి మూసే ఉంది. తలుపు మీద కాగితం అంటించాడు. సముద్రానికి పోయాడట. మా పండ్లు కూడా ఈతకెళ్ళాయా?"

ఏం చెప్పాలో ఆలోచించాను. రెండు మూడు మంచి అబద్ధాలు తోచాయి. కానీ ఆవిడ నిలబడే ఉంది. బెర్తీల్ దిండు మీద కూర్చోకుండా, కోటు గుండీలు విప్పకుండా. నేను చెప్పేశాను. ఖాళీ కాగితం, నియమం, టెసాండియే, అద్దానికి అటూ ఇటూ. ఎక్కువసేపే చెప్పాను.

అంతా విని, "నాకు ముందు పళ్ళు రెండు లేవు. నన్ను కూడా విడదీస్తారా?" అంది.

కాఫీ కుండ అందుకున్నాను.

"ఎక్కడున్నాయి?"

"ఒక ఇంటి భోజనాల గదిలో."

"చూపించండి."

వచ్చే గురువారం తీసుకెళతానన్నాను. సంచి లాక్కుంటూ వెళ్ళిపోయింది. కాఫీ కుండ నిండుగా అలాగే ఉంది. నాకు సిగ్గేసింది. ఇక్కడ రాస్తున్నాను కాబట్టి రాయొచ్చు, చాలా సిగ్గేసింది.

ఆగస్టు 8, గురువారం

ఊరంతా ఖాళీ. బేకరీ మూత, కసాయి దుకాణం మూత, మందుల దుకాణం సగం మూత. ఆవిడ మంచి కోటు వేసుకుని వచ్చింది. ఈ ఎండలో.

ఆ భవనం కాపలా ఆవిడ మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని ఉంది. నేనెవరో తెలుసు. ఈవిణ్ణి కిందనుంచి పైదాకా చూసి, "ఈవిడెవరు?" అంది.

"నా సహాయకురాలు. రెండు చట్రాలు వాలాయి, సరిచెయ్యాలి."

"నిచ్చెన ఎక్కుతుందా?"

"ఎక్కను. ఆయన ఎక్కుతాడు. నేను కింద నిలబడి తప్పులు చెబుతాను" అంది మేడమ్ ఓర్మాన్సే.

గదిలో కిటికీ రెక్కలు తెరిచాను. బాగుంది. నా వంకర గీతలతో సహా బాగుంది, అది ఒప్పుకోవాలి. బూడిదరంగు గోడ మీద ఎరుపులు, ఊదాలు, పసుపులు. అద్దంలో అవే ఇంకోసారి. టెసాండియే పుస్తకం వరస పాటించలేదు. రంగు చూసి పేర్చాడు. చెర్రీ పక్కన ద్రాక్ష.

ఆవిడ ఒక మూల నుంచి మొదలుపెట్టింది. ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి, తల ఎత్తి, మళ్ళీ తర్వాతదానికి. నేను నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడిస్తే ఏం మాట్లాడాలో సిద్ధం చేసుకున్నాను. చుట్టు పూర్తి చేసి, గోడకి ఆనించిన కుర్చీల్లో ఒకటి లాక్కుని కూర్చుంది.

"బాగున్నాయి" అంది.

"మేడమ్, నేను..."

"నలభై ఏళ్ళు లోర్మియే గారూ. వారానికి ఒక్కటి. ఇంకోటి చూపించు ఆన్సెల్మ్ అంటే, వచ్చే గురువారం అనేవాడు. చేతులు కడుక్కుని వచ్చేవాడు, ఆపరేషన్ చేసేవాడిలా. నాకు ఒళ్ళు మండిపోయేది. అన్నీ ఒక్కసారి చూడాలని నలభై ఏళ్ళు అనుకున్నాను."

"మరి మా దుకాణంలో వారానికొకటే చూశారు కదా."

"తిప్పింది ఎవరు? మీరు ఒక్క పేజీ తెరిచి, కాఫీ పోసి మొదలుపెట్టేవారు. చెమ్మ, మునిసిపాలిటీ, మామగారు, మోకాలు. మధ్యలో ఆపి పేజీ తిప్పమంటే బాధపడతారేమో అనిపించేది. ఇంట్లో వినేవాళ్ళు లేని మనిషిలా ఉన్నారు. సరే, పాపం, మాట్లాడనీ అనుకునేదాన్ని. బన్నులు బాగుండేవి."

నేను నిచ్చెన మడిచాను.

"అయితే కోసినందుకు మీకు కోపం లేదా?" అన్నాను.

"పుస్తకం కోశారు, అది ఒక సంగతి. మాటిచ్చి కోశారు, అది ఇంకో సంగతి. జిగురు ఆరలేదని నా ముఖం మీద చెప్పారు చూడండి, తలుపు వేసుకుని పైనుంచి చూశారు చూడండి, అది వేరే సంగతి. తెర కదిలింది. నా కళ్ళు బానే ఉన్నాయి."

లేచి కోటు సర్దుకుంది.

"చూడాల్సినవన్నీ చూసేశాను. ఇంక గురువారాలతో నాకు పని లేదు."

వీధి మలుపుదాకా కలిసి నడిచాం. ఆవిడ ఎడమకి, నేను కుడికి. వాలిన చట్రాలు రెండూ సరిచెయ్యడం మరిచిపోయాను.

ఆగస్టు 15, గురువారం

పండగ. చర్చి గంటలు చాలాసేపు కొట్టారు. దుకాణం తెరవక్కర్లేదు. మూడింటికి తెరిచాను.

ఆగస్టు 16, శుక్రవారం

మోకాలికి ఏమీ కాలేదు. ఏ మోకాలికీ ఏమీ కాలేదు. బెర్తీల్ నన్ను వదిలి వెళ్ళిపోయింది. జనవరి నెలలో, ఆదివారం పొద్దున, ఈ బల్ల దగ్గరే నిలబడి చెప్పింది. ఎక్కువసేపు చెప్పలేదు, రెండే మాటలు. మధ్యలో నేను అందుకుని నాంత్ రైళ్ళ వేళలు చెప్పాను.

తను లేకుండా నాకు బాగాలేదు. గురువారాలు కూడా లేకపోతే అసలు బాగాలేదు.

ఆగస్టు 20, మంగళవారం

బేకరీ తెరిచారు. ఏమీ కొనలేదు.

ఆగస్టు 22, గురువారం

మధ్యాహ్నం దుకాణం మూసి మేడమ్ ఓర్మాన్సే ఇంటికి వెళ్ళాను. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఆ సంచిని వారం వారం ఈ మెట్ల మీద నుంచి దింపి, మళ్ళీ ఎక్కించేది. నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

గొలుసు తియ్యకుండా తలుపు కొంచెం తెరిచింది.

"ఏం తెచ్చారు?"

"ఏమీ తేలేదు."

"మళ్ళీ ఏం కోశారు?"

"ఏమీ కొయ్యలేదు."

"మరెందుకొచ్చారు?"

చెప్పడానికి మెట్లెక్కుతూ ఒక పెద్ద ప్రసంగం తయారుచేసుకున్నాను. క్షమాపణ, నియమం, మా మామగారి మాట నిజానికి ఏమిటో, అన్నీ వరసగా. నోరు తెరిస్తే వేరేది వచ్చింది.

"నా భార్య వెళ్ళిపోయింది" అన్నాను.

"తెలుసు. మార్చి నుంచి తెలుసు. చెల్లెలి మోకాలి కోసం ఏ మనిషైనా కుంచెలు పట్టుకుపోతుందా?"

గొలుసు తీసింది. తలుపు పూర్తిగా తెరవలేదు.

"క్షమించానని అనుకోకు. బూట్లు తుడుచుకుని రా. ఒక్కటి చెబుతున్నాను. ఇవాళ నేను మాట్లాడతాను. నువ్వు కాదు."

వంటగదిలో కూర్చోబెట్టి, చిక్కుడుకాయల బుట్ట నా ముందు పెట్టింది. వలుస్తూ విన్నాను. ఆవిడకి పండ్లంటే అసలు ఇష్టం లేదట, ఆన్సెల్మ్‌కి ఆ సంగతి చివరిదాకా తెలియదట. పెళ్ళికి ముందు ఆవిడ తపాలా ఆఫీసులో పనిచేసింది, ఆ ఉద్యోగం మానుకోవడం ఆవిడ జీవితంలో చేసిన పెద్ద తెలివితక్కువ పని అట. ఒక కొడుకు ఉండేవాడట. ఆ మాట దగ్గర ఆగి, కిటికీ వైపు చూసి, మళ్ళీ తపాలా ఆఫీసు సంగతికి వచ్చింది. అక్కడ నాకు ఒకటి చెప్పాలనిపించింది, నాలుక చివరిదాకా వచ్చింది. చిక్కుడుకాయ వలిచాను.

చీకటి పడేదాకా మాట్లాడింది. నేను ఒక్క మాట మాట్లాడలేదు. వినడం ఇంత కష్టమని బెర్తీల్ నాకెప్పుడూ చెప్పలేదు.

చెప్పే ఉంటుంది.